రేగడి పెట్టే పరీక్ష

2019 మే నెలలో సోషల్ మీడియాలో ఒక వింత హోరు నడిచింది. జేసీబీ మట్టి తవ్వుతుంటే జనం చుట్టూ మూగి చూస్తున్న వీడియోలు దేశమంతా తిరిగాయి. వాటి మీద జోకులు పేలాయి, మీమ్‌లు పుట్టాయి. నవ్వినవాళ్ళు నవ్వారు గానీ, ఆ గుంపులో నిలబడ్డ కుర్రాడికి రాదగ్గ సందేహం ఒకటుంది. అంత బరువైన బకెట్‌ని అంత నాజూగ్గా కదిలిస్తున్నదేమిటి? అతను మెకానికల్ బ్రాంచిలో చేరితే దొరికే జవాబు ఇదీ: బోర్డు మీద పాస్కల్ సూత్రం, ల్యాబ్‌లో అడ్డంగా కోసి రంగులేసిన గేరు పంపు, ఆఖరి ఏడాది డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు రిపోర్టు.

ఈ లోటు తీర్చడానికి చాలా దేశాల్లో కొన్నాళ్ళుగా ఒక పని జరుగుతోంది. విద్యార్థులే తమ చేతులతో చిన్న సైజు తవ్వకం యంత్రాలు, లోడర్లు, డంపర్లు తయారుచేస్తున్నారు. వాటిలో ఎక్కువ భాగం బ్యాటరీతో నడిచేవే. ఒక కొసన అట్టముక్కలతో, ఇంజెక్షన్ సిరంజిలతో బడిపిల్లలు చేసే బొమ్మ ఉంది. ఇంకో కొసన మూడు వందల కిలోల ఇనుప యంత్రం ఉంది. అన్నిటినీ ‘చేసి నేర్చుకోవడం’ అనే ఒకే గాటన కట్టడం ఇప్పుడు ఫ్యాషన్. కానీ ఇవి నేర్పేవి ఒకటి కావు. యంత్రం సైజెంత, అది తవ్వేది ఏ మట్టిని, తవ్వుతుండగా ఎవరైనా ఏదైనా కొలిచారా అన్నదాన్ని బట్టి వాటి విలువ మారిపోతుంది. నన్నడిగితే, ఈ మూడూ కుదరని చోట పిల్లలు నేర్చుకునేది బోల్టులు బిగించడం. అదీ విద్యే, కాదనను. దానికోసం నాలుగేళ్ళ డిగ్రీ అక్కర్లేదు.

బొమ్మల నుంచే మొదలుపెడదాం. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు తీసుకున్న చిల్లుల ఇనుప పట్టీల కిట్టు తర్వాత మెకానో అయింది. క్రేన్లు, తవ్వకం యంత్రాలు అందులో పిల్లలకు మహా ఇష్టమైన నమూనాలు. దాన్ని ఉత్త ఆటసామాను అనడానికి లేదు. 1934లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ కలిసి మెకానో ముక్కలతోనే అవకలన సమీకరణాలు సాధించే యంత్రాన్ని నిలబెట్టారు. దాని వారసత్వం ఇప్పుడు లెగోది. లీబెర్ 9800 అనే భారీ గని యంత్రానికి లెగో 2019లో తెచ్చిన నమూనాలో నాలుగు వేలకు పైగా ముక్కలు, ఏడు మోటార్లు ఉన్నాయి. గేర్లు, లింకుల కదలిక అర్థం కావడానికి వీటిని మించినవి లేవు. బలం సంగతికొస్తే మాత్రం ఇవి మాట్లాడవు. ప్లాస్టిక్ బకెట్‌లో పోసేది ప్లాస్టిక్ గుళికలే కదా.

మన దగ్గర బడి స్థాయిలో రాజ్యమేలేది సిరంజి మోడల్. ఏ జిల్లా సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళినా అట్టతో చేసిన పసుపు రంగు పొక్లెయిన్ ఒకటి ఉండి తీరుతుంది. నాలుగు సిరంజిలు, నాలుగు గొట్టాలు, రంగునీళ్ళు. ఒక కొస నొక్కితే రెండో కొసన బూమ్ లేస్తుంది. చిన్న సిరంజితో పెద్దదాన్ని నొక్కి చూస్తే బలం పెరిగి దూరం తగ్గడం వేళ్ళకే తెలుస్తుంది. ఐదో తరగతికి అది బంగారం లాంటి పాఠం. చిక్కల్లా అదే మోడల్ ప్లైవుడ్‌తో, కాస్త నునుపుగా, డిప్లొమా ఎగ్జిబిషన్‌లోనూ కనబడటం. అందులో పంపు లేదు, వాల్వు లేదు, ప్రెషర్ మితిమీరితే వదిలేసే ఏర్పాటు లేదు. అంటే యంత్రాన్ని యంత్రంగా చేసే సరుకంతా బయటే ఉండిపోయింది.

అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 2016లో మొదలయ్యాక సిరంజి స్థానంలోకి సర్వో మోటార్లు, ఆర్డువినో బోర్డులు వచ్చాయి. బడికి 20 లక్షల రూపాయల చొప్పున పదివేల బడుల దాకా ఈ పథకం చేరింది. మరో యాభైవేల ల్యాబ్‌లు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఫోన్‌తో కదిలే చిన్న తవ్వకం బొమ్మలు వీటిల్లో చాలానే తయారవుతున్నాయి. ప్రోగ్రామింగ్ పరంగా అవి మంచి పాఠాలు. తవ్వడం గురించి అవి చెప్పేది మాత్రం చాలావరకు తప్పు. ఎందుకు తప్పో కాస్త లెక్క కట్టి చూడాలి.

సైజు తగ్గితే మట్టి గట్టిపడుతుంది

ఇరవై టన్నుల పొక్లెయిన్‌ని అన్ని కొలతల్లోనూ పద్నాలుగో వంతుకి కుదిస్తే ఎంత బరువుంటుంది? దుకాణాల్లో దొరికే రిమోట్ మోడళ్ళ నిష్పత్తి అదే. బరువు ఘనపరిమాణంతో పాటు తగ్గుతుంది కాబట్టి 14ను మూడుసార్లు హెచ్చవేసి, ఆ 2,744తో భాగిస్తే దాదాపు ఏడు కిలోలు. అంతవరకు బాగానే ఉంది. ఇక మట్టి సంగతి. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ఏ.ఆర్. రీస్ 1960లలో మట్టి కోతకు ఒక మూల సమీకరణం ఇచ్చాడు. నేలను కోసే పలుగుకి ఎదురయ్యే నిరోధంలో ప్రధానంగా ఒక భాగం మట్టి సొంత బరువు వల్ల, ఇంకో భాగం మట్టి రేణువుల మధ్య ఉండే జిగట పట్టు వల్ల, మరొకటి పైన పేరుకున్న భారం వల్ల వస్తుందని దాని సారాంశం. బరువు వల్ల వచ్చే భాగం సైజుతో పాటు ఘనంగా తగ్గుతుంది. జిగట వల్ల వచ్చేది అలా తగ్గదు. అది కోత పడే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 14ను రెండుసార్లు హెచ్చవేసినంతే, అంటే 196వ వంతుకే తగ్గుతుంది.

కాబట్టి ఏడు కిలోల బొమ్మకి దాని బరువుతో పోల్చుకుంటే బంకమట్టి పద్నాలుగు రెట్లు గట్టిగా తగులుతుంది. పొడి ఇసుకలో జిగట లేదు గనక అక్కడ బొమ్మ, అసలు యంత్రం ఒకేలా తవ్వుతాయి. యూట్యూబ్‌లో రిమోట్ పొక్లెయిన్ల ప్రతాపమంతా ఇసుకలోనూ వదులు మట్టిలోనూ ఎందుకు సాగుతుందో దీంతో తేలిపోతుంది. అదే బొమ్మని వేసవిలో గుంటూరు జిల్లా చేలోకి తీసుకెళ్ళి నల్లరేగడి మీద పెడితే బకెట్ పళ్ళు నేలను గీరి ఊరుకుంటాయి. బొమ్మే వెనక్కి లేస్తుంది.

పద్నాలుగో వంతుకి బదులు నాలుగో వంతు తీసుకుంటే కథ మారుతుంది. ఇరవై టన్నులను 64తో భాగిస్తే 312 కిలోలు. మట్టి నాలుగు రెట్లు గట్టిగా తగులుతుంది, నిజమే. అయినా బకెట్ వెడల్పు తగ్గించి, పళ్ళు పదును చేసి, కోత లోతు అదుపులో పెట్టుకుంటే నిజమైన నేలను తవ్వొచ్చు. పైగా నలుగురు కుర్రాళ్ళు కలిసి చిన్న ట్రాలీ మీదికి ఎక్కించగల బరువది.  నూటయాభై కిలోలకూ మూడు వందల కిలోలకూ మధ్య యంత్రాలే విద్యకు పనికొచ్చేవని నేననడానికి కారణం ఈ లెక్కే. అంతకంటే చిన్నవి మట్టిని తప్పించుకుంటాయి. అంతకంటే పెద్దవాటిని తయారుచేయడం కంటే కొనడం తేలిక. అప్పుడిక విద్యార్థి చేతికి స్పానర్ రాదు, డ్రైవింగ్ సీటు వస్తుంది.

ఈ సూత్రాన్ని అందరికంటే బాగా వాడుకున్న పోటీ నాసాది. ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో 2010లో మొదలైన లూనబోటిక్స్ పోటీలో కాలేజీ జట్లు చంద్రుడి మట్టిని పోలిన లావా రాతిపొడిని తవ్వే రోబోలతో వస్తాయి. ఎన్నో ఏళ్ళపాటు గరిష్ఠ బరువు 80 కిలోలు. రోబో బరువు పెరిగితే మార్కులు పోతాయి. తాగిన కరెంటుకి లెక్క చెప్పాలి. దుమ్ము లేపకపోతే కలిసొస్తుంది. చంద్రుడి మీద యంత్రం బరువు ఆరో వంతుకి పడిపోతుంది, మట్టి జిగట మాత్రం ఇక్కడున్నట్టే ఉంటుంది. బొమ్మ పొక్లెయిన్‌కి భూమ్మీద ఎదురయ్యే చిక్కే అక్కడ అసలు యంత్రానికి ఎదురవుతుందన్నమాట. నాసా ఇంజనీర్లు రాసర్ అనే రోబోలో దీనికి ఒక చమత్కారం చేశారు. ముందొకటి, వెనకొకటి, చుట్టూ చిన్న చిన్న దోసిళ్ళున్న రెండు డ్రమ్ములు పెట్టి వాటిని ఎదురెదురుగా తిప్పారు. ఒకటి యంత్రాన్ని ముందుకి లాగితే ఇంకోటి వెనక్కి లాగుతుంది. నేలను పట్టుకోవడానికి బరువు అవసరం లేకుండా పోయింది. ఇంజనీరింగ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించే ఉదాహరణల్లో ఇదొకటి.

కరెంటు ఎందుకు?

కాలుష్యం, చప్పుడు, ఇంధనం ఖర్చు అన్నవి అందరూ చెప్పే కారణాలు. పరిశ్రమ కూడా అటే నడుస్తోంది. జేసీబీ తయారుచేసిన 1.9 టన్నుల బ్యాటరీ తవ్వకం యంత్రానికి 2020లో బ్రిటన్‌లో మాక్‌రాబర్ట్ అవార్డు వచ్చింది. వోల్వో రెండున్నర టన్నుల యంత్రాన్ని 48 వోల్టుల మీద నడుపుతోంది. ఓస్లో నగరంలో 2019లో ఒక వీధి పనిని పూర్తిగా కరెంటు యంత్రాలతోనే చేయించారు. అంతెందుకు, పెద్ద ఓపెన్ కాస్ట్ గనుల్లో లావుపాటి కేబులు ఈడ్చుకుంటూ కరెంటుతో నడిచే షోవెళ్ళు దశాబ్దాలుగా ఉన్నవే. మన అపార్ట్‌మెంట్ల సైట్లలో సామాను లిఫ్టు, ఇనుప చువ్వలు వంచే మిషన్, కాంక్రీటు వైబ్రేటర్ చాలాచోట్ల కరెంటువే. సివిల్ విద్యార్థులు వాటిని దాటుకుంటూ వెళ్ళి ల్యాబ్‌లో క్యూబ్ పరీక్ష చేస్తుంటారు.

బోధన వరకు వస్తే నాకు కనిపించే అసలు లాభం వేరే. కరెంటు మోటారుతో మట్టి గట్టిదనం కంటికి కనబడుతుంది. డీసీ మోటారు తిప్పుడు బలం అది లాగే ఆంపియర్లను అంటిపెట్టుకుని ఉంటుంది. గేరు పంపు తిరగడానికి కావలసిన బలం నూనె ప్రెషర్‌ను బట్టి ఉంటుంది. ఆ ప్రెషర్, జాకీ (నూనెతో సాగే సిలిండరు) నెట్టే బలాన్ని బట్టి, ఆ బలం బకెట్ పళ్ళ దగ్గర మట్టి ఎదురుతిరిగేదాన్ని బట్టి. అంటే బ్యాటరీ తీగలో ఒక షంట్ బిగించి, దాని మీద పడే మిల్లీవోల్టులను సెకనుకి పదిసార్లు రాసుకుంటే నేల తన సంగతి తానే చెప్పుకున్నట్టు. ఇదే పని పెట్రోలు ఇంజను మీద చేయాలంటే ఖరీదైన టార్క్ సెన్సర్ కావాలి.

ఒక బకెట్ తవ్వకాన్ని దగ్గర నుంచి చూద్దాం. బకెట్ గాల్లో ఉన్నంతసేపు ఐదారు ఆంపియర్లు. పళ్ళు నేలకి ఆనగానే ఆంపియర్ల గీత పైకి లేస్తుంది. పైపొర పగిలేటప్పుడు ఒక్కసారి ఎగిరి, ముక్క ఊడగానే పడిపోతుంది. మళ్ళీ లేస్తుంది. రేగడిలో ఈ గీత రంపపు పళ్ళలా వస్తుంది, ఇసుకలో నున్నటి గుట్టలా వస్తుంది. వేరో రాయో అడ్డం పడిందనుకోండి, గీత ఇరవై మూడు దగ్గరకెళ్ళి అక్కడే అడ్డంగా సాగిపోతుంది. బకెట్ ఆగిపోయింది, రిలీఫ్ వాల్వు తెరుచుకుని సన్నగా కూస్తోంది. లాగుతున్న కరెంటంతా నూనెను వేడి చేయడానికే పోతోంది. ‘శక్తి నష్టం’ అన్న మాటని పరీక్షలో రాసిన కుర్రాడు ట్యాంకు మీద చెయ్యిపెట్టి దాన్ని తెలుసుకోవడం వేరు.

ఆ ఇరవై మూడు ఎక్కడిదంటే ఈ-రిక్షా సామాను నుంచి. 48 వోల్టుల, సుమారు వెయ్యి వాట్ల బీఎల్‌డీసీ మోటారు, దాని కంట్రోలరు ఇవాళ మన ఊళ్ళలో ఆటో స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతున్నాయి. నిమిషానికి మూడు లీటర్లు పంపే చిన్న గేరు పంపు, 140 బార్ల ప్రెషర్, 40 మిల్లీమీటర్ల బోరు జాకీ తీసుకోండి. నూనెలోకి వెళ్ళే శక్తి 700 వాట్లు. పంపులో, మోటారులో పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి దాదాపు 1,100 వాట్లు, అంటే 23 ఆంపియర్లు. జాకీ సెకనుకి నాలుగు సెంటీమీటర్లు సాగుతుంది. ముప్ఫై సెంటీమీటర్ల స్ట్రోకుకి ఏడున్నర సెకన్లు. నిదానమే, కానీ నేర్చుకునేవాడికి నిదానమే మేలు. 51 వోల్టుల, వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీతో ఆపకుండా పూర్తి బలం మీద నడిపినా నాలుగున్నర గంటలు వస్తుంది. మామూలుగా తవ్వితే కాలేజీ రోజంతా.

ఆ జాకీ నెట్టే బలం ఎంత? 1,800 కిలోల దాకా. విద్యార్థులు ఇక్కడే బోల్తా పడతారు. లింకుల నిష్పత్తిలో అది పళ్ళ కొసకి నాలుగో వంతుగా చేరిందనుకున్నా 450 కిలోలు. యంత్రం బరువేమో 300. ట్రాకులు నేలని పట్టుకునే పట్టు రెండు వందల కిలోలు దాటడం కష్టం. కాబట్టి బకెట్ గట్టిగా దిగిందంటే మట్టి రాదు, యంత్రమే మట్టి దగ్గరికి జారుకుంటూ పోతుంది. ఇది చూసి చాలామంది ఇంకా పెద్ద జాకీ తెద్దామంటారు. కావలసింది సన్న బకెట్. ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పుని ఇరవైకి తగ్గిస్తే యంత్రం నిలబడి తవ్వుతుంది. బలానికి హద్దు జాకీలో లేదు, సొంత బరువులో ఉంది. ఈ ఒక్క పాఠం కోసం యంత్రం కట్టినా కట్టొచ్చు.

నూనె కావాలా, వద్దా?

ఈ రంగంలో అందరికంటే గట్టిగా వాదించుకునే విషయం ఇది. జాకీలు, హోస్ పైపులు, నూనె ఎందుకు, స్క్రూతో నడిచే కరెంటు యాక్చుయేటర్ పెడితే సరిపోదా అని ఒక పక్షం. శుభ్రం, సులువు, వైర్లు కలిపితే చాలు. నూనె మీద ఫిర్యాదుల్లో నిజముంది కూడా. అమెరికాలో ఫ్లూయిడ్ పవర్ యంత్రాల సగటు సామర్థ్యం 22 శాతమేనని 2012లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల అధ్యయనం లెక్కగట్టింది. మిగతాదాంట్లో చాలా భాగం వేడిగా పోతుంది. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో మోనికా ఇవాంటిసినోవా బృందం వాల్వులతో గొంతు నొక్కకుండా పంపుతోనే జాకీని అదుపుచేసే చిన్న పొక్లెయిన్‌ని నడిపి చూపించింది. బాబ్‌క్యాట్ కంపెనీ ఒకడుగు ముందుకేసి 2022లో హైడ్రాలిక్ నూనె లేని లోడరునే ప్రదర్శించింది. కదిలేవన్నీ కరెంటు సిలిండర్లే.

కానీ చవగ్గా దొరికే యాక్చుయేటర్లతో కాలేజీల్లో చేసిన యంత్రాల సంగతి వేరు. అవి మంచం, సోఫా ఎత్తడానికి చేసిన సరుకు. నాలుగు నిమిషాల్లో ఒక నిమిషం నడిచి మూడు నిమిషాలు చల్లారాల్సినవే ఎక్కువ. బకెట్ రాయికి కొట్టుకున్నప్పుడు వచ్చే దెబ్బని నూనె అయితే రిలీఫ్ వాల్వులోంచి వదిలేస్తుంది. స్క్రూ దాన్ని తన నట్టు మీద తీసుకుంటుంది. నట్టు మరలు అరిగి, ఒకరోజు బూమ్ ఉన్నపళాన కిందికి దిగబడుతుంది. నేను నూనె పక్షం. విద్యార్థి ఏదో ఒకరోజు ఈ నూనెతోనే వేగాల్సి వస్తుంది, మన దేశంలో ఇంకో పాతికేళ్ళు పొక్లెయిన్లన్నీ దాని మీదే నడుస్తాయి. అయితే మొదటి సంవత్సరం వాళ్ళకి యాక్చుయేటర్ యంత్రం, మూడో సంవత్సరం వాళ్ళకి జాకీల యంత్రం అని ఎవరైనా పెడితే అడ్డు చెప్పను.

ఇక్కడ అమెరికాలోని మిజోరీ రాష్ట్రపు ఓపెన్ సోర్స్ ఎకాలజీ ప్రయోగం నుంచి తీసుకోదగ్గది ఒకటుంది. ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసిన మార్సిన్ యాకుబోవ్‌స్కీ ఒక ఊరు నిలబడటానికి కావలసిన యాభై యంత్రాలను ఎవరైనా చేసుకునేలా డ్రాయింగులతో సహా బయటపెడతానని మొదలుపెట్టాడు. ట్రాక్టరు, ఇటుకలు నొక్కే మిషన్, తవ్వకం యంత్రం అందులో ఉన్నాయి. ఆ కల మొత్తం పండలేదు. యాభైలో చాలావాటికి పూర్తి రూపం రాలేదు. మిగిలే గొప్ప ఆలోచన పవర్ క్యూబ్. ఇంజను, పంపు, నూనె ట్యాంకు అన్నీ ఒక పెట్టెలో బిగించి, ఏ యంత్రానికి కావాలంటే దానికి హోసులతో తగిలించడం. వాళ్ళు పెట్రోలు ఇంజను పెట్టారు. ఆ పెట్టెలో బ్యాటరీ, మోటారు, పంపు పెడితే కాలేజీ సమస్య సగం తీరుతుంది. ఒక బ్యాచి పెట్టె చేస్తుంది. తర్వాతి బ్యాచి దానికి బూమ్ కడుతుంది. ఆ తర్వాతి వాళ్ళు అదే పెట్టెతో డంపరు నడుపుతారు. ప్రతి ఏడూ సున్నా నుంచి మొదలుపెట్టే జాడ్యం తప్పుతుంది.

దీనికి పూర్తి విరుద్ధమైన పద్ధతి కూడా విద్యలో బాగా పనిచేసింది. ఎంఐటీలో వుడీ ఫ్లవర్స్ 1970లలో నడిపిన డిజైన్ కోర్సులో విద్యార్థులందరికీ ఒకే సామాను సంచి ఇచ్చేవారు. దాంతోనే యంత్రం చేసి, చివర్లో ఒకరితో ఒకరు పోటీపడాలి. డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ రోబో పోటీలకు ఫ్లవర్స్ తోడ్పాటే ఊపిరి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న అమెరికా ఊళ్ళలో మన పిల్లలు ఆ జట్లలో పనిచేస్తున్నారు. ఈ మాట ఇక్కడి తల్లిదండ్రులకు చెబితే కోచింగ్ ఎక్కడని అడుగుతారు.

పెద్ద పరిశోధనా ప్రాజెక్టుల్లో విద్యార్థులకు చోటిచ్చిన సందర్భం 2017లో జరిగింది. లాస్ వేగాస్‌లో కనెక్స్‌పో ప్రదర్శనకి ఓక్ రిడ్జ్ ప్రయోగశాల, జార్జియా టెక్, మిన్నెసోటా వంటి విశ్వవిద్యాలయాలు కలిసి త్రీడీ ప్రింటు చేసిన భాగాలతో ఒక పొక్లెయిన్‌ని తెచ్చాయి. క్యాబిన్ ఆకారం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ విద్యార్థి జట్టుది. ముచ్చటైన పని, కానీ అది ప్రింటింగ్ పరిజ్ఞానానికి ప్రదర్శన. మన కాలేజీ దాన్ని చూసి ప్లాస్టిక్‌తో బూమ్ ప్రింటు చేయబోతే పిన్ను చిల్లు దగ్గరే చిరుగుతుంది.

ఇక్కడ ఏముంది?

మన దేశంలో విద్యార్థులు నిజమైన యంత్రం కట్టే సంప్రదాయం లేకపోలేదు. ఎస్ఏఈ ఇండియా వాళ్ళ బాహా బండ్ల పోటీ 2007 నుంచి ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో నడుస్తోంది. 2015లో దానికి బ్యాటరీ బండ్ల విభాగం తోడైంది. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా జట్లు వెళ్తాయి. వెల్డింగ్ నాణ్యత, బ్రేకులు, ఖర్చు రిపోర్టు, డిజైన్ సమర్థన అన్నీ అక్కడ గట్టిగా పరీక్షిస్తారు. ఆ బండి మట్టి మీద పరిగెడుతుంది, మట్టిని ముట్టుకోదు. అంతే తేడా. ఆ క్రమశిక్షణని అలాగే తీసుకుని పరుగు స్థానంలో తవ్వకం పెడితే చాలు.

పనిముట్ల కొరత కూడా అనుకున్నంత లేదు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో నమూనాలు చేయడానికి పెద్ద యంత్రాలున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ బాలానగర్‌లో పది మిల్లీమీటర్ల ప్లేటు కోసి, బోరు కొట్టి, బుష్షు దించి ఇచ్చే షాపులు వీధికి నాలుగు. నిజానికి కాలేజీ ల్యాబ్ కంటే అక్కడ గడిపిన సాయంత్రాలు ఎక్కువ నేర్పుతాయి. పిన్నుకీ బుష్షుకీ మధ్య ఎంత సందు వదలాలో లేత్ మీద నిలబడే మనిషి వేలితో ఊపి చెబుతాడు. ఒక్కో కీలు దగ్గర అర మిల్లీమీటరు వదులుంటే నాలుగు కీళ్ళు దాటి బకెట్ కొసకి వచ్చేసరికి అది సెంటీమీటరుని మించిన ఊపవుతుంది. గ్రీజు నిపిల్ పెట్టడం మరిచిపోయిన యంత్రం రెండో నెలలో కిర్రుమంటుంది.

కొరత ఉన్నది సమయానికి, మార్కులకి. సెమిస్టరు చివర డెమో, వైవా, ఆపైన యంత్రం మూలకి. అమీర్‌పేటలో తయారుగా దొరికే ప్రాజెక్టుకీ ఆరు నెలలు చెమటోడ్చిన ప్రాజెక్టుకీ మార్కుల్లో తేడా రాకపోతే ఎవరు చెమటోడుస్తారు? కొలతల నోటు పుస్తకం చూసి మార్కులేసే పద్ధతి వస్తే ఈ తూకం మారుతుంది. ఏ మట్టిలో, ఏ తడిలో, ఎన్ని ఆంపియర్లకి ఎన్ని కిలోల మట్టి వచ్చిందో నిండా రాసిన పుస్తకాన్ని కొనుక్కోవడం కష్టం.

ప్రమాదాల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కరెంటు యంత్రమంటే నిరపాయం అన్న భ్రమ ఉంది. 48 వోల్టులు ఎంచుకోవడానికి కారణం డీసీలో 60 వోల్టుల లోపు షాక్ ముప్పు తక్కువని ప్రమాణాలు ఒప్పుకోవడం. పదహారు లిథియం ఫాస్ఫేట్ సెల్లుల బ్యాటరీ నిండా ఎక్కితే 58.4 వోల్టులు, ఆ గీతకి లోపలే. షాక్ లేకపోయినా స్పానర్ జారి రెండు టెర్మినళ్ళ మధ్య పడితే ఇనుము కరుగుతుంది. కాబట్టి బ్యాటరీ పక్కనే ఫ్యూజు, బ్యాటరీని కాపాడే బీఎంఎస్ బోర్డు, చేతికందే ఎర్ర బటన్‌తో తెగే కాంటాక్టరు తప్పనిసరి. బటన్ నొక్కితే మోటారు ఆగుతుంది, గాల్లో ఉన్న బూమ్ మాత్రం గాల్లోనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే వాల్వు జాకీ ఒంటికే బిగించి ఉండాలి, లేకపోతే హోస్ తెగిన క్షణాన బూమ్ పడుతుంది. ఇక 140 బార్ల నూనె సూదిమొనంత చిల్లులోంచి వస్తే చర్మం దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది, లోపల చెయ్యి పోగొట్టే గాయం. లీకు ఎక్కడుందో అట్టముక్కతో వెతకాలి, అరచేత్తో ఎప్పుడూ వెతకకూడదు. ఆపరేటరు యంత్రం మీద కూర్చోవాల్సిన అవసరం కూడా లేదు. మూడు మీటర్ల కేబులు రిమోట్ పట్టుకుని పక్కన నిలబడితే బూమ్‌ని పక్కకి తిప్పినప్పుడు యంత్రం ఒరిగినా ఎవరికీ ఏమీ కాదు.

ఇన్ని తంటాలు పడితే చదువు నిజంగా బాగుపడుతుందా? దీని మీద సాక్ష్యం పలచనే. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి చూసి, కేవలం ఉపన్యాసాలు విన్నవాళ్ళు ఫెయిలయ్యే అవకాశం చురుగ్గా పాల్గొన్నవాళ్ళ కంటే ఒకటిన్నర రెట్లని తేల్చింది. ఇలాంటి ల్యాబ్‌లకి నిధులడిగేవాళ్ళకి అది ఊరించే అంకె. కానీ ఆ అధ్యయనాల్లో చురుగ్గా పాల్గొనడమంటే క్లాసులో చర్చ, లెక్కలు కలిసి చేయడం వంటివి. యంత్రం కట్టినవాడు ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపరు బాగా రాస్తాడని అది చెప్పదు. నా ఊహ ఏమిటంటే పేపరులో పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది ఒక లెక్క జవాబు చూసి ‘ఇది జరిగే పని కాదు’ అని పసిగట్టడంలో. దాన్ని కొలిచే ప్రశ్నపత్రం మన విశ్వవిద్యాలయాలు ఇంకా వేయలేదు.

కాబట్టి కొలిచే పనిని పోటీకే అప్పగించొచ్చు. రెండు రాష్ట్రాల కాలేజీలు, పాలిటెక్నిక్‌లు కలిసి ఏడాదికొకసారి పెట్టుకోదగ్గ నిబంధనలు ఒక పేజీలో పడతాయి. యంత్రం 300 కిలోలు దాటకూడదు. బ్యాటరీ 60 వోల్టుల లోపు. తవ్వాల్సింది రెండు మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు లోతు కాలువ. వచ్చే మట్టి దాదాపు 500 కిలోలు. దాన్ని మీటరు ఎత్తుకి ఎత్తడానికి కావలసిన శక్తి ఒకటిన్నర వాట్ అవర్ కూడా లేదు. జట్లు ఖర్చుపెట్టేది దానికి ఎన్ని వందల రెట్లుంటుందో నిర్వాహకులు బిగించిన మీటరు చెబుతుంది. తక్కువ కాల్చినవాళ్ళే గెలిచినట్టు. మధ్యలో విరిగినదాన్ని అక్కడే బాగుచేసుకోవడానికి గంట సమయమివ్వాలి, దానికీ మార్కులుండాలి. గత ఏడాది యంత్రాన్నే మెరుగుపరిచి తెచ్చినవాళ్ళకి కొన్ని ఎక్కువ వేయాలి. నేల విషయంలో మాత్రం నిబంధన కచ్చితంగా ఉండాలి: ఇసుక తోలించకూడదు, రేగడి చేనే కావాలి, ముందురోజు ఎవరూ నీళ్ళు పెట్టకూడదు. తేదీ కూడా రాసి పెట్టుకోవాలి. జనవరిలో పారకి లొంగే రేగడి మే నెలలో గడ్డపారకీ లొంగదు. మొదటి రెండేళ్ళు జనవరిలో పెట్టుకుంటే జట్లకి బతుకు ఉంటుంది.